ఫిట్ సర్టిఫికెట్ వచ్చాక లైట్ డ్యూటీ ఎలా రాయించాలి?

మందుల ఫ్యాక్టరీ ప్యాకింగ్ సెక్షన్‌లో 25 కిలోల డ్రమ్ములు ఎత్తే వర్కర్ నడుం డిస్క్ నొప్పితో 5 వారాలు సెలవులో ఉన్నారు. ఈఎస్ఐ డాక్టరు ఫిట్ అని రాశారు, అంతే. ఏ పనికి ఫిట్టో రాయలేదు. 70 శాతం జీతమిచ్చే సిక్‌నెస్ బెనిఫిట్ ఏడాదికి 91 రోజులే. తొందరపడి పాత పనికే పంపితే నొప్పి తిరగబెడుతుంది, మిగిలిన రోజులూ కరిగిపోతాయి.

ఫ్యాక్టరీ మెడికల్ ఆఫీసరుకు రాసే లెటర్‌లో రోగం వివరాలు అడగకుండా ఎన్ని కిలోలు ఎత్తొచ్చు, ఎన్నిసార్లు వంగొచ్చు, మళ్లీ ఎప్పుడు పరీక్షించాలి అని అడగాలనుకుంటున్నాం. షిఫ్టులో ఎన్ని డ్రమ్ములు, ఎంత ఎత్తుకు అన్న లెక్క జతచేస్తే సరిపోతుందా? ఆయన 10 కిలోలే అని రాస్తే, సూపర్‌వైజర్ ఒప్పుకోకపోతే ఎవరి మాట చెల్లుతుంది? ఇలాంటివి నడిపిన హెచ్ఆర్ వాళ్లు, ఫ్యాక్టరీ డాక్టర్లు దయచేసి చెప్పండి.