‘బా. సన్ని.’ అంటే ఏమిటి? 1918 నాటి మరణ నమోదు నకలులో ముక్కలు

ప్రశ్న (విశాఖ ఎంవీపీ కాలనీ నుంచి):

నమస్కారం అండి. మా తాతయ్య ట్రంకుపెట్టెలో వాళ్లమ్మగారి మరణ నమోదు నకలు దొరికింది. ఊరు భీమిలి దగ్గర పల్లె. అసలు రాసింది 1918లో. తర్వాతెప్పుడో భూమి తగాదా వస్తే నకలు తీయించారని ఇంట్లో అంటారు. గడులు అచ్చువి, లోపలంతా చేతిరాత. కలం ఎత్తకుండా రాసిన గొలుసుకట్టు. ఒక అక్షరం తోక పక్క అక్షరం మెడకి చుట్టుకుపోయింది. కూడబలుక్కుని చదివితే తేలింది ఇదీ:

తేదీ: 4-11-18. ఊరు: సదరు. ఆ. (ఆడ అని కాబోలు) వయసు: 22. రోగము: జ్వరము – బా. సన్ని. తెలిపినది: బారికి. షరా: శి. జీ.

‘బా. సన్ని.’ దగ్గర ఆగిపోయాను. ఆవిడ అమ్మవారు పోసి పోయిందనే ఇంట్లో అందరూ చెప్పుకుంటారు. షరాలో ఉన్నదీ అంతుపట్టలేదు. పైగా తాతయ్య ఆవిడ తద్దినం ఆశ్వయుజ బహుళ దశమినాడు పెట్టేవారు. ఆ తిథికీ ఈ తేదీకీ పొంతన కుదరడం లేదు. కాస్త చూసి చెబుతారా?

గాజువాక నుంచి:

‘బాగా సన్నగిల్లి’ ఏమో అండి. క్షయ అయి ఉంటుంది.

పెందుర్తి నుంచి:

బాల సన్నిపాతం అనుకుంటా. వయసు 22 కాదేమో, ఇంకోసారి చూడండి. 2 పక్కన సిరా మరక పడిందేమో.

అల్లిపురం మాస్టారు:

వయసు సరిగ్గానే ఉందమ్మా, పాపం ఆ మునసబుని అనుమానించకండి. సన్నగిల్లడమూ కాదు. రోగం గడిలో పేరు రాస్తారు గానీ ‘సన్నగిల్లి’ లాంటి క్రియ రాయరు. క్షయ అయితే క్షయ అనే రాసేవారు, రెండక్షరాల మాటకి పొట్టిరూపం ఎందుకు?

ముందు ఆ గడి ఎలా నిండేదో చూద్దాం. మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లో పల్లెల్లో జనన మరణాల లెక్క గ్రామ మునసబు చేతిలో ఉండేది. ఎవరైనా పోతే బారికి, అంటే ఊరి నౌకరు, వచ్చి నోటిమాటగా చెప్పేవాడు. డాక్టరు చూసిందీ లేదు, చీటీ ఇచ్చిందీ లేదు. సర్కారుకి కావలసింది మాత్రం కొన్ని పద్దులే: కలరా, మశూచి, ప్లేగు, జ్వరాలు, అతిసారం, ఊపిరితిత్తుల జబ్బులు, గాయాలు, ఇవేవీ కాకపోతే ఇతరములు. ఊళ్లో వాంతిభేది అంటే కలరా పద్దు. అమ్మవారు, స్ఫోటకం అంటే మశూచి పద్దు. మీ నకలులో ‘జ్వరము’ సర్కారు పద్దు, గీత తర్వాత ఉన్నది ఊరివాళ్ల మాట. నిజంగా అమ్మవారే పోసి ఉంటే ఆ గడిలో మశూచి పడాలి. దాన్ని ఎవరూ జ్వరం కింద వేయరు.

ఇక ‘సన్ని.’ అంటే సన్నిపాతం, అందులో సందేహం లేదు. కలిసి పడడం అని మాటకి అర్థం. వాత పిత్త కఫాలు మూడూ ఒక్కసారే చెడి వచ్చే జ్వరం అని ఆయుర్వేదం. అందులో 13 రకాలు చెబుతారు. జనం నోట అదే సంధి. (సవర్ణదీర్ఘం కాదు లెండి.) ఒళ్లు కాలిపోతూ, మనుషుల్ని గుర్తుపట్టక, ఏదేదో మాట్లాడితే సంధి పుట్టింది అనేవారు. సంధి ప్రేలాపన అన్న మాట ఇప్పటికీ వాడుతున్నాం, జ్వరం సంగతే మరిచిపోయాం.

‘బా.’ అంటే బాలింత. మన వైపు బాలెంత అని కూడా అంటారు. బాలింత సన్నిపాతం అన్నమాట, పురుడు పోసుకున్న రోజుల్లో వచ్చే జ్వరం. దీనికి సాక్ష్యం మీ నకలులోనే ఉంది. షరా అంటే రిమార్కుల గడి. అందులో ‘శి. జీ.’, అంటే శిశువు జీవించి ఉన్నది. 22 ఏళ్ల మనిషి పక్కన ఆ ముక్క ఉందంటే ‘బా.’ ఇంకేమవుతుంది?

‘సదరు’ మీరు అడగలేదు గానీ నాకు భలే నచ్చింది. సదరు అంటే పైన చెప్పినదే అని. అసలు పుస్తకంలో పై వరసలో ఊరి పేరు ఉండి ఉంటుంది. నకలు తీసినాయన మీకు కావలసిన ఒక్క వరసే ఎత్తి రాశాడు, సదరుని మాత్రం సదరుగానే ఉంచేశాడు. పైన ఏమీ లేని సదరు! అంత మక్కికి మక్కి దించాడంటే ‘బా. సన్ని.’ కూడా మునసబు రాసిన రూపమే అని ధైర్యంగా చెప్పవచ్చు.

తిథి కూడా తేలుతుంది. 1918 శరదృతువు కాళయుక్తి నామ సంవత్సరంలోది. ఆ ఏడు ఆశ్వయుజ అమావాస్య నవంబరు 3 ప్రాంతంలో వచ్చింది. అక్కణ్నుంచి వెనక్కి లెక్కపెడితే బహుళ దశమి అక్టోబరు 29 దగ్గర పడుతుంది. నకలులోది నమోదు తేదీ. బారికి దీపావళి వెళ్లాక చెప్పాడో, మునసబు తీరిక చూసుకుని రాశాడో. పోయిన రోజుకి మాత్రం మీ తాతగారి తద్దినమే నమ్మకం.

గాజువాక నుంచి:

సన్నిపాతం అంటే టైఫాయిడ్ కదా మాస్టారూ? నిఘంటువుల్లో అలాగే ఉంటుంది. వంశవృక్షంలో టైఫాయిడ్ అని వేసేసుకోవచ్చుగా?

సీతమ్మధార నుంచి (రిటైరైన డాక్టర్ని):

తొందరపడకండి. టైఫాయిడ్‌లో సంధి పుడుతుంది, నిజమే. మలేరియా ముదిరినా పుడుతుంది. కాన్పు తర్వాత గర్భసంచికి ఇన్ఫెక్షన్ సోకినా పుడుతుంది. ఆ రోజుల్లో బాలింతల్ని ఎక్కువగా తీసుకుపోయింది ఇదే. సల్ఫా మందులు వచ్చింది 1930ల మధ్యలో. అంతకుముందు దానికి మందు లేదు, మంత్రసాని చేతులు శుభ్రంగా ఉండడమే అదృష్టం. మన విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్ కూడా 1923లో తెరిచిందే.

ఇంకో సంగతి. 1918 అక్టోబరు అనగానే నాకు ఇన్‌ఫ్లుయెంజా గుర్తొచ్చింది. ఆ జూన్‌లో బొంబాయిలో మొదలై, వానలు వెనకబట్టాక రెండో విడత విరుచుకుపడింది. దేశం మొత్తం మీద కోటికి పైగా పోయారు. మామూలు జలుబు జ్వరాలు ముసలివాళ్లనీ పసివాళ్లనీ పట్టుకుంటే, ఇది 20 నుంచి 40 మధ్య వయసువాళ్ల మీద పడింది. గర్భిణులకీ బాలింతలకీ మరీ గండం. ఆ చావుల్లో ఎక్కువ భాగం లెక్కల్లో జ్వరాల పద్దు కిందే కలిసిపోయాయి. పచ్చి బాలింతకి ఆ జ్వరమే తగిలి మాటలు తడబడితే, ఇంట్లో ఆడవాళ్లు బాలింత సన్నిపాతం అనే అంటారు, బారికి అదే చెబుతాడు. రెండిట్లో ఏదో ఈ కాగితం మీంచి నేను చెప్పలేను.

పెందుర్తి నుంచి:

జీవీఎంసీలోనో (విశాఖ నగరపాలక సంస్థ), ఆ ఊరి పంచాయతీలోనో కొత్తగా సర్టిఫికెట్ తీయిస్తే కారణం స్పష్టంగా టైపు చేసి ఇవ్వరా?

అల్లిపురం మాస్టారు:

ఇవ్వరండి. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం 17వ సెక్షన్ ప్రకారం, మరణ నమోదు నుంచి ఇచ్చే కాగితంలో చనిపోయిన కారణం బయటపెట్టకూడదు. కొత్తది తీయిస్తే ఈ రెండు ముక్కలూ మాయమవుతాయి. పాత నకలునే జాగ్రత్త చేసుకోండమ్మా, లామినేషన్ మాత్రం చేయించకండి.

గాజువాక బాబూ, టైఫాయిడ్ అని వేయవద్దు. డాక్టరుగారే ఆగిన చోట మనం దూకడం ఎందుకు? ‘బాలింత సన్నిపాతం, నకలులో ఉన్నట్టు’ అని రాస్తే చాలు. ఇంట్లోవాళ్లు చూసిందేదో ఆ మాటలో ఉంది. ఇంగ్లీషు పేరు తగిలిస్తే ఎవరూ చూడనిది కూడా చేరుతుంది.

ప్రశ్న అడిగినావిడ:

అందరికీ దండాలండి. తాతయ్య ఒక్కరే సంతానం, కాబట్టి ఆ శిశువు తాతయ్యే అవ్వాలి. కానీ ఆయన సర్టిఫికెట్లలో పుట్టిన తేదీ 1-7-1916 అని ఉంది. అమ్మ పోయేసరికి తనకి రెండేళ్లని ఆయన కూడా చెప్పేవారు. మేనత్త పెంచింది. ఇప్పుడు ఇది కొత్త టెన్షన్!

అల్లిపురం మాస్టారు:

జూలై 1 అంటే బడి పంతులు వేసిన పుట్టినరోజమ్మా. బడిలో చేర్చుకోవాలంటే వయసు చాలాలిగా, ఒకటో రెండో ఏళ్లు కలిపేసేవారు. మావాళ్లలో సగం మంది జూలై 1నే పుట్టారు. ఆ తేదీ పక్కన పెట్టి, ఆ ఊరి 1918 జననాల పుస్తకం మిగిలి ఉందేమో అడగండి. సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు పేజీలు చూస్తే చాలు. తాతగారి పేరుతో వెతికితే దొరకదు, అప్పటికి బారసాల అయి ఉండదు. తండ్రి పేరు పట్టుకుని చూడండి. ఇంటిపేరు కూడా రాయకపోవచ్చు. తండ్రి పేరు సింహాచలమో అప్పలస్వామో అయితే ఆ పేజీలో నలుగురైదుగురు ఉంటారు మరి, ఫోటో తీసి ఇక్కడ పెట్టండి.