గోడమీద బొమ్మలు లేవు, మనుషులు మాట్లాడతారు: దీన్ని కళాప్రదర్శన అనవచ్చా?

నీలిగన్నేరు:
మేము ముగ్గురు మిత్రులం హైదరాబాదులో ఒక చిన్న గ్యాలరీ గదిని వారం రోజులకు అద్దెకు తీసుకుంటున్నాం. గోడలు ఖాళీగా ఉంటాయి. లోపల నలుగురు ఉంటారు. వచ్చినవారి దగ్గరకు వారిలో ఒకరు వెళ్లి, తన జీవితంలో జరిగిన ఒక సంగతిని తగ్గు స్వరంతో చెబుతారు. విన్నవారు ఇష్టమైతే తమ సంగతి చెప్పవచ్చు, లేకపోతే ఊరకే వెళ్లిపోవచ్చు. మైకు ఉండదు. ఫొటోలు, వీడియోలు ఉండవు.

ఈ ఆలోచన టీనో సెహగల్ అనే కళాకారుడి పనుల గురించి చదివాక వచ్చింది. ఆయన 1976లో లండన్‌లో పుట్టారు, తండ్రి భారతీయుడు, ఇప్పుడు బెర్లిన్‌లో ఉంటారు. 2010లో న్యూయార్క్ గుగ్గెన్‌హైమ్ మ్యూజియంలో మెలికలు తిరుగుతూ పైకి వెళ్లే దారి పక్కన ఒక్క చిత్రం కూడా లేకుండా తీయించారు. కింద ఒక చిన్నపిల్ల ఎదురొచ్చి ‘పురోగతి అంటే ఏమిటి?’ అని అడుగుతుంది. పైకి నడిచేకొద్దీ ఆ సంభాషణను ఒక యువకుడో యువతో, తరువాత నడివయసువారు, చివరికి వృద్ధులు అందుకుంటారు. 2012లో లండన్ టేట్ మోడర్న్ మ్యూజియంలోని టర్బైన్ హాలులో ఆయన పెట్టిన పనిలో మనుషులు గుంపుగా నడుస్తూ, పరుగెడుతూ, పాడుతూ ఉండి, వారిలో ఒకరు విడివడి సందర్శకుడి దగ్గరకు వచ్చి సొంత కథ చెబుతారు. మరుసటి ఏడాది వెనిస్ బినాలేలో, అంటే రెండేళ్లకోసారి జరిగే అంతర్జాతీయ కళాప్రదర్శనలో, ఉత్తమ కళాకారుడిగా ఆయనకు బంగారు సింహం అనే బహుమతి ఇచ్చారు.

మా ఇంట్లోవారు, స్నేహితులు కూడా ‘దీన్ని చూడటానికి ఎవరు వస్తారు, ఇందులో కళ ఏముంది’ అంటున్నారు. మీరేమంటారు?

కొలతబద్ద:
నేను ముప్పై ఏళ్లు ఇంజనీరుగా పనిచేశాను, చిత్రకళ అంటే ప్రాణం. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. చేసిన పని ఒకటి కళ్లముందు మిగలాలి. మిగలనిదాన్ని ప్రదర్శన అనడం నాకు మింగుడుపడదు.

ఈ కోవలోదే ఇంకొకటి ఉంది. ఆన్ కవారా అనే జపాను కళాకారుడు క్రీస్తుపూర్వం 9,98,031 నుంచి క్రీస్తుశకం 1969 వరకు, అంటే సరిగ్గా పది లక్షల సంవత్సరాలను టైపు చేసి సంపుటాలుగా కట్టాడు. రాబోయే పది లక్షల సంవత్సరాలకు మరో వరస. ఒక పురుషుడు, ఒక స్త్రీ కూర్చుని ఆ సంఖ్యలను వంతులవారీగా పైకి చదువుతారు. 2004లో లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో ఏడు రోజులు రాత్రింబవళ్లు చదివారు. లెక్క చూడండి. ఒక్కో సంఖ్యకు అయిదు సెకన్లు వేసుకుందాం. ఏడు రోజులంటే 6,04,800 సెకన్లు. అంటే 1,20,960 సంవత్సరాలు. గతం మొత్తంలో ఎనిమిదో వంతు దాటలేదు! పూర్తికాని పనిని ప్రదర్శించడం ఏ విధంగా న్యాయం?

బాటసారి:
కొలతబద్ద గారూ, ఆవిడ అడిగింది సెహగల్ గురించి కదా.

పద్యప్రియ:
నీలిగన్నేరు గారూ, ‘చూసేవాడు కూడా పాల్గొనే మాటల కళ’ బెర్లిన్ నుంచి రావలసిన అవసరం లేదు. మనకు అవధానం ఉంది. అష్టావధానంలో ప్రశ్నలు వేసే ఎనిమిది మంది పృచ్ఛకులు వేదిక మీదే కూర్చుంటారు. నిషిద్ధాక్షరిలో అవధాని ఒక అక్షరం పలకగానే తరువాతి అక్షరం ఏది రాకూడదో పృచ్ఛకుడు చెబుతాడు. అంటే ఆ పద్యం ఇద్దరి మధ్య పుడుతోంది. అప్రస్తుత ప్రసంగం చేసే ఆయన పనే అడ్డుపడటం. చివర ధారణలో అవధాని కాగితం చూడకుండా పద్యాలన్నీ వరసగా అప్పజెబుతాడు. తిరుపతి వేంకట కవులు ఈ విద్యతో ఊరూరా సభలు గెలిచి, సంస్థానాల్లో సన్మానాలు పొందారు.

ఇందులో విద్య ఉంది, ఛందస్సు ఉంది, ఏళ్ల సాధన ఉంది. ఒక అపరిచితుడు దగ్గరకొచ్చి ‘మా నాన్న ఇలా పోయారు’ అని చెబితే అందులో ఏ సాధన ఉంది? బాధ నిజమే కావచ్చు. బాధ ఉన్నంత మాత్రాన అది కళ కాదు. మా నాన్నగారు పృచ్ఛకుడిగా ఎన్నో సభల్లో కూర్చున్నారు. ఇప్పుడు మా ఊళ్లో అవధానం పెడితే ముందు వరస కుర్చీలు కూడా నిండటం లేదు. ఖాళీ గోడల గదికి మాత్రం పత్రికల్లో అరపేజీ వస్తుంది. నాకు మనస్తాపం అక్కడే.

కొలతబద్ద:
బాటసారి గారూ, నేను విషయం తప్పలేదు. రెండింటికీ ఒకే లోపం ఉందని చెబుతున్నాను. గతం మొత్తం చదవాలంటే 50 లక్షల సెకన్లు, ఆపకుండా 58 రోజులు పడుతుంది. క్రీస్తుపూర్వం సంఖ్యలు ఎక్కువగా ఆరంకెలవి కాబట్టి ఇంగ్లీషులో అయిదు సెకన్లు కూడా చాలవు. ఎనిమిది వేసుకుంటే 92 రోజులు దాటుతుంది. నిర్వాహకులు ఈ లెక్క ముందే చేసి ఉండాలి.

పాతపుస్తకం:
ఆ రెండు వరసలకూ అంకితాలు ఉన్నాయి. గతానిది ‘జీవించి మరణించిన వారందరికీ’. భవిష్యత్తుది ‘చిట్టచివరి వ్యక్తికి’. అవి చదివాక ఎనిమిదో వంతు అయిందా, పూర్తయిందా అన్న లెక్క నన్ను బాధించలేదు.

సముద్రపుగాలి:
నేను లండన్‌లో నర్సును. 2012లో టర్బైన్ హాలుకు వెళ్లాను. అది పూర్వం విద్యుత్ కేంద్రం, 150 మీటర్లకు పైగా పొడవున్న హాలు, ఎంతమంది ఉన్నా మనిషి చీమంత కనిపిస్తాడు. నా వయసు స్త్రీ ఒకరు గుంపులోంచి వచ్చి పక్కన నిలబడి, తన తల్లిని వృద్ధాశ్రమంలో చేర్చిన రోజు గురించి చెప్పింది. ఏడవలేదు, సానుభూతి అడగలేదు. చెప్పి, నా కళ్లలోకి ఒకసారి చూసి, వెళ్లి గుంపులో కలిసింది.

పద్యప్రియ గారు సాధన ఏదని అడిగారు. ఎక్కడ ఆపాలో ఆమెకు తెలుసు. వార్డులో రోగుల బంధువులతో మాట్లాడేటప్పుడు నాకు చేతకానిది అదే. ఆ రోజు నేను కూడా ఇంకొకరికి నా సంగతి చెప్పాను. మా అమ్మ చనిపోయినప్పుడు నేను డ్యూటీలో ఉన్నాను, సెలవు అడగలేదు. ఎందుకు అడగలేదో నా భర్తకు కూడా ఈనాటికీ చెప్పలేదు. ఆ హాలులో చెప్పగలిగాను.

ఎర్రమందారం:
మీకు తన తల్లి గురించి చెప్పిన ఆవిడ పేరేమిటి?

సముద్రపుగాలి:
తెలియదు. అడగలేదు. ఆమె కూడా నా పేరు అడగలేదు.

ఎర్రమందారం:
సెహగల్ పేరు మాత్రం మనందరికీ తెలుసు. బంగారు సింహం ఆయనకు వచ్చింది. తల్లిని వృద్ధాశ్రమంలో చేర్చిన ఆవిడకు కాదు.

నేను ఎందుకు ఇలా మాట్లాడుతున్నానో చెబుతాను. కొన్నేళ్ల క్రితం ఒక నగరంలో ఒక కళాకారుడు ఇలాంటి గదే పెట్టాడు. చేనేత కుటుంబాల వాళ్లం కొందరం వెళ్లి మా కథలు చెప్పాం. మా నాయనమ్మ మగ్గం అమ్ముకున్న సంగతి నేను చెప్పాను. ఏ ఏడాది, ఎంతకు, ఎవరికి అమ్మింది, ఆ రాత్రి ఇంట్లో ఎవరూ ఎందుకు అన్నం తినలేదు, అన్నీ చెప్పాను. దారి ఖర్చులు కూడా మావే. తరువాత ఆ మాటలు ఆయన పుస్తకంలో అచ్చయ్యాయి. మగ్గం ఉంది, అన్నం తినని రాత్రి ఉంది. మా నాయనమ్మ పేరు లేదు, నా పేరు లేదు. ‘సమష్టి జ్ఞాపకం’ అని రాసుకున్నాడు. అది సమష్టిది కాదు. మా ఇంటిది.

బాటసారి:
చాలా అన్యాయం అండి.

కొలతబద్ద:
ఎర్రమందారం గారూ, విచారకరం. కానీ సెహగల్ పద్ధతిలో ఇది జరగదు కదా. ఆయన తన పనిని అమ్మేటప్పుడు కూడా కాగితం రాయడట. నోటరీ ముందు నోటిమాటగా ఒప్పందం చేసుకుంటారు. కేటలాగు లేదు, ఫొటో లేదు. అచ్చు వేయడానికి ఏదీ ఉండదు. అయినా నా ప్రశ్న అలాగే ఉంది. ఏమీ మిగలని పనిని...

ఎర్రమందారం:
కొలతబద్ద గారూ, మిగలడం, మిగలకపోవడం అన్న మీ ఒక్క మాటను దయచేసి కాసేపు పక్కన పెట్టండి. కాగితం లేకపోతే దొంగతనం జరగదా? కాగితం లేకపోతే దొంగతనం జరిగిందని నేను రుజువు చేయలేను. తేడా అంతే. నోటిమాట మీద అమ్మే ధైర్యం ఆయనకు ఉంది, ఎందుకంటే ఆయన మాటను మ్యూజియంలు నమ్ముతాయి. నా మాటను ఎవరు నమ్ముతారు? ‘ఆ కథ నాది’ అని ఉత్తరం రాస్తే జవాబు కూడా రాలేదు.

పద్యప్రియ:
ఈ విషయంలో నేను మీ పక్షం. అవధానంలో పృచ్ఛకుడికి ఆసనం ఉంటుంది, పేరు పిలుస్తారు, శాలువా కప్పుతారు. పూరించమని ఏ సమస్య ఎవరు ఇచ్చారో సభ మొత్తానికి తెలుసు. ఆ పద్యాలను తరువాత పుస్తకాలుగా అచ్చు వేశారు కాబట్టే ఈ రోజు మనం చదువుకుంటున్నాం. అచ్చు కాని సభలు ఎన్నో గాలిలో కలిసిపోయాయి.

సముద్రపుగాలి:
మీ ఇద్దరికీ నా నమస్కారం, కానీ నాకు కోపం వస్తోంది. శాలువా కోసం నేను ఆ హాలుకు వెళ్లలేదు. కెమెరా ఉంటే, నా పేరు గోడమీద ఉంటుందని తెలిస్తే, మా అమ్మ గురించి ఒక్క అక్షరం కూడా పలికేదాన్ని కాదు. మా బంధువుల్లో ఒక్కరికి తెలిసినా నేను తలెత్తుకు తిరగలేను. పేరు లేకపోవడం వల్లనే నాకు నోరు వచ్చింది. దాన్ని మీరు దోపిడీ అంటే, నా జీవితంలో నేను నిజం చెప్పిన ఒకే ఒక్క రోజును దోపిడీ అన్నట్టే.

ఎర్రమందారం:
నేను అలా అనలేదు.

సముద్రపుగాలి:
అన్నారు. ఆవిడ పేరేమిటని మీరు అడిగినప్పుడే అన్నారు.

పాతపుస్తకం:
ఇద్దరూ కాస్త శాంతించండి. 2018లో కొచ్చి ముజిరిస్ బినాలేలో శిల్పా గుప్తా అనే కళాకారిణి చేసిన పని చూశాను. చీకటి గదిలో వంద మైకులు పైనుంచి వేలాడుతుంటాయి. వాటిలోంచి గొంతులు వస్తాయి. ఒక గొంతు ఒక కవిత చదువుతుంది, మిగతావి అందుకుంటాయి. కింద వంద ఇనుప ఊచలు, ఒక్కో ఊచకు గుచ్చిన ఒక్కో కాగితం. రాసినందుకో, రాజకీయాల వల్లనో జైలు పాలైన వంద మంది కవులవి ఆ పంక్తులు. ఎనిమిదో శతాబ్దం నుంచి నేటి వరకు. అక్కడ గొంతును మాయం చేయాలనుకున్నది రాజ్యం. అలాంటి చోట ‘ఏదీ భద్రపరచను’ అనే కళాకారుడు రాజ్యం పని సులువు చేసినట్టవుతుంది. కాబట్టి రికార్డు ఉండాలా వద్దా అన్నది ఎవరి గొంతు, ఎవరికి భయపడుతోంది అన్నదాన్నిబట్టి తేలాలి.

ఎర్రమందారం:
ఇది సరైన మాట. సముద్రపుగాలి గారూ, మీ భయం చుట్టాలు తెలుసుకుంటారని. నా భయం ఎవరికీ తెలియకుండా పోతుందని. మా నేతవాళ్ల గురించి పుస్తకాల్లో ఉన్నదంతా వేరేవాళ్లు రాసిందే. మా నాయనమ్మ పేరు ఒక్కచోట అచ్చయితే చాలనుకుని ఆ గదికి వెళ్లాను. మీరు దాచుకోవడానికి వెళ్లిన గది, నేను బయటపడటానికి వెళ్లిన గది ఒకలాంటివే. నిర్వాహకుడు ఇద్దరికీ ఒకే నియమం పెడితే ఇద్దరిలో ఒకరు నష్టపోతారు.

సముద్రపుగాలి:
దీన్ని ఒప్పుకుంటాను. కానీ ఒక్క మాట. పేరు కావాలన్నవారి పేర్లు గోడమీద వేస్తే, వద్దన్నవారు ఎవరో చూసేవారికి ఇట్టే తెలిసిపోతుంది. నలుగురిలో ముగ్గురి పేర్లుంటే నాలుగో మనిషి ఎవరా అని ఆరా మొదలవుతుంది. మన ఊళ్లలో ఆరా ఎలా ఉంటుందో మీకు తెలుసు.

కొలతబద్ద:
నలుగురి బదులు ఇరవై మందిని తీసుకుని వంతులు వేయండి. రోజుకు ఎవరు ఏ వేళలో ఉంటారో ప్రకటించకండి. అప్పుడు ఏ పేరు ఏ కథదో ఎవరూ చెప్పలేరు.

బాటసారి:
ఈ చర్చలో పనికొచ్చే లెక్క ఇదే మొదటిది, ధన్యవాదాలు.

పద్యప్రియ:
నా అభ్యంతరం తీరలేదు. రికార్డు సంగతి, పేర్ల సంగతి మాట్లాడుతున్నారు, సాధన సంగతి ఎవరూ మాట్లాడటం లేదు. ఇరవై మందిని తీసుకుంటే వారికి ఎన్నాళ్లు శిక్షణ ఇస్తారు? ఎక్కడ ఆపాలో తెలియనివారు గంటసేపు చెబితే వినేవాడి పరిస్థితి ఏమిటి?

నీలిగన్నేరు:
అందరికీ ధన్యవాదాలు. ఇది కళ అవునా కాదా అని అడగడానికి వచ్చాను, ఇంతకంటే కష్టమైన ప్రశ్న తీసుకుని వెళుతున్నాను. ఇప్పటికి అనుకున్నది ఇది. చెప్పేవారికి రోజుకు ఇంత అని డబ్బు ఇస్తాం, అద్దెకంటే ముందు అదే తీసిపెడతాం. కవారా సంఖ్యలను 2015లో గుగ్గెన్‌హైమ్‌లో స్వచ్ఛందంగా వచ్చినవారు చదివారు, అది సంఖ్య కాబట్టి సరిపోయింది. సొంత జీవితం చెప్పేవారిని ఉచితంగా కూర్చోబెట్టడం నాకు ఇష్టం లేదు. కొలతబద్ద గారు చెప్పినట్టు ఎక్కువ మందిని తీసుకుని వంతులు వేస్తాం. పేరు వేయాలా వద్దా అన్నది ఎవరికి వారే చివరి రోజు వరకు మార్చుకోవచ్చు. శిక్షణకు పదిహేను రోజులు అనుకుంటున్నాం, పద్యప్రియ గారు వచ్చి ఒక పూట కూర్చుంటే మాకు మేలు.

పద్యప్రియ:
వస్తాను. కానీ అది కళ అని ఒప్పుకున్నట్టు కాదు.

ఎర్రమందారం:
డబ్బు ముందు తీసిపెడతామన్నది నాకు నచ్చింది. ఒకటి మిగిలింది. విన్నవారిలో ఒకరు ఇంటికెళ్లి ఆ కథను తన పేరుతో రాసుకుంటే మీరేం చేస్తారు? నాకు అన్యాయం చేసిన మనిషి కూడా మొదట విన్నవాడే. తలుపు దగ్గర ప్రతి సందర్శకుడి చేత సంతకం తీసుకుంటారా?

సముద్రపుగాలి:
సంతకం పెట్టమంటే నేనైతే గుమ్మం దగ్గరే వెనక్కి తిరిగేదాన్ని.

నీలిగన్నేరు:
దీనికి మా దగ్గర ఇంకా జవాబు లేదు. ఈ ఆదివారం మిత్రులతో కూర్చుంటున్నాం. తేలినదీ తేలనిదీ ఇక్కడే రాస్తాను. ఎర్రమందారం గారూ, అభ్యంతరం లేకపోతే మీ ప్రశ్నను మీ మాటల్లోనే వారికి చదివి వినిపిస్తాను. మీ పేరు చెప్పాలా వద్దా?

ఎర్రమందారం:
చెప్పండి. నాది కాదు, మా నాయనమ్మది. మీకు విడిగా పంపుతాను.