సమస్యాపూరణం: బలము లేని వాఁడె బలిమి చూపె

నిర్వాహకుడు:
ఈ వారం పాదం ఇదీ:

బలము లేని వాఁడె బలిమి చూపె

విషయం మాత్రం నేనే కట్టేస్తున్నాను: చిన్న రేడియో జెట్లు (గెలాక్సీ నడుమ కృష్ణబిలం దగ్గర నుంచి చిమ్మే, రేడియోలో వెలిగే ధారలు), అవి పుట్టిన గెలాక్సీకి చేసే పని. వామనుడితో పూరించడం అందరికీ వచ్చు, ఈసారి వద్దు. జెట్టు కనబడాలి, వాయువు కదలాలి. గడువు శనివారం రాత్రి.

తార్నాక తారకం:

బలిమి గలుగు జెట్టు పైకి దూసుకుపోయె;
వాయువందు చిక్కి పాఱలేక
చిన్న జెట్టు కలచె చేరు మేఘములను;
బలము లేని వాఁడె బలిమి చూపె.

పెద్ద జెట్టు వాయువును త్వరగా తొలుచుకుని బయటపడుతుంది, శక్తిలో ఎక్కువ భాగం గెలాక్సీ అవతలే దించుతుంది. చిన్నదానికి ఆ తోపుడు లేదు. మేఘాల మధ్య దారి వెతుక్కుంటూ చాలాకాలం ఇరుక్కుంటుంది. దాని చుట్టూ వేడి బుడగ ఉబ్బి పక్కల వాయువును కూడా కలిచేస్తుంది.

మలక్‌పేట మాస్టారు:
"పాఱలేక" దగ్గర పద్యానికి ప్రాణం వచ్చింది. చిక్కుకోవడమే బలిమికి కారణమని ఒక్క మాటలో తేల్చారు, భేష్. "చేరు" మాత్రం గణం నింపడానికి వచ్చింది. ఇంకో లోటు: జెట్టు ఎటు వాలి ఉందో చెప్పలేదు. బలహీనమైనదే అయినా, వాయు పళ్ళేనికి నిట్టనిలువుగా ఉంటే దానికి తగిలే మేఘాలు తక్కువ.

అంబర్‌పేట అవధాని:
ఆ లోటు నేను తీరుస్తాను.

పళ్ళెరమున వాలి పాకెడు చిఱుధార
అడ్డమైన మబ్బు నంత చీల్చె;
నిట్టనిలువు జెట్టు నేరుగా వెళ్ళిపోయె;
బలము లేని వాఁడె బలిమి చూపె.

ఇది ఐసీ 5063 అనే గెలాక్సీ సంగతి. జెట్టు గెలాక్సీ పళ్ళెంలోనే పడుకుని ఉంది. 1998లో రఫాయెల్లా మోర్గాంతి బృందం అక్కడి హైడ్రోజన్ సెకనుకు 700 కి.మీ. దాకా వేగంతో మన వైపు తోసుకొస్తోందని పట్టుకుంది. 2018లో దీపాంజన్ ముఖర్జీ బృందం ఇదే గెలాక్సీకి కంప్యూటర్ నమూనా కట్టి, పళ్ళెంలోకి దూరిన జెట్టు వాయువును ఎలా చెదరగొడుతుందో చూపింది.

తార్నాక తారకం:
అవధాని గారూ, భావం దివ్యంగా ఉంది. మూడో పాదం చివర "వెళ్ళిపో" దగ్గర రగణం అయిపోయింది, "యె" అనే లఘువు ఊరికే మిగిలింది. "నేరుగా వెడలెను" అంటే సరిపోతుంది. పోయిన నెల నా అరసున్న మీద పంచాయితీ పెట్టినవారు మీరే కదా!

అంబర్‌పేట అవధాని:
"వెడలెను" తీసుకున్నాను. మరి మీ పోయిన నెల పూరణ మాటేమిటి? "ఊదఁగానె దీప ముజ్జ్వలించె" అని పాదమిస్తే, జెట్టు నక్షత్రాల పుట్టుకను ఆర్పేదే తప్ప వెలిగించేది కాదంటూ అంతా కలలో జరిగినట్టు పూరించారు. ఎన్‌జీసీ 541 గెలాక్సీ నుంచి వచ్చిన జెట్టు పక్కనున్న మిన్కోవ్‌స్కీ పిండం అనే చిన్న గెలాక్సీని తాకి, అక్కడి వాయువును నొక్కి, కొత్త నక్షత్రాలు పుట్టించింది. ఆ పాదం అచ్చంగా దానికోసమే పుట్టింది. కల ఎందుకండీ?

తార్నాక తారకం:
అక్కడ జెట్టు తగిలింది పొరుగింటికి. నేను రాసింది సొంతింటి సంగతి.

నిర్వాహకుడు:
ఆ తగువు ఆ పాత పాదం కిందే తేల్చుకోండి. ఇక్కడ కొత్త పూరణలు రానివ్వండి.

నల్లకుంట నిహారిక:

ధార సాగు దారి దాపునఁ గాదయ్య
అడ్డముగ వెడల్పు నందె గీత;
ప్రాణవాయు కాంతి పట్టి చూపెను గాదె;
బలము లేని వాఁడె బలిమి చూపె.

2021లో చిలీలోని వీఎల్‌టీ టెలిస్కోపు మీదున్న మ్యూజ్ అనే వర్ణపట పరికరంతో తేల్చిన విషయం ఇది. ఐసీ 5063, ఎన్‌జీసీ 5643, ఎన్‌జీసీ 1068, ఎన్‌జీసీ 1386: నాలుగింటిలోనూ జెట్టు బలహీనమే. అయినా అయనీకృత ఆక్సిజన్ వర్ణపట గీత (వాయువు వేగాలు ఎంత చెదిరితే అంత వెడల్పవుతుంది) సెకనుకు 800 కి.మీ. పైబడి వెడల్పయింది, అదీ జెట్టు దారిలో కాదు, దానికి లంబంగా.

మలక్‌పేట మాస్టారు:
అమ్మా, ఈ వారం మలుపు నీదే. అందరూ జెట్టు వెంట పోతే నువ్వు అడ్డంగా చూశావు. "చూపెను", "చూపె" వెంటవెంటనే పడ్డాయి, "పట్టి చెప్పెను గాదె" అను, యతి చెడదు.
ఒక్క అనుమానం: గీత వెడల్పు కాగానే కల్లోలం అనేయొచ్చా? గెలాక్సీ నడుమ భ్రమణ వేగం చాలా కొద్ది దూరంలోనే మారిపోతుంది. ఆ వేగాలన్నీ ఒకే పిక్సెల్‌లో కలిసినా గీత వెడల్పుగానే కనిపిస్తుంది. అలాగే ప్రతి చిన్న రేడియో మచ్చా జెట్టు కాదు, సూపర్‌నోవాలు కూడా రేడియోలో వెలుగుతాయి.

నల్లకుంట నిహారిక:
"చెప్పెను" బాగుందండీ, మార్చేస్తాను.
భ్రమణ నమూనాను ముందే కట్టి, వాతావరణం వల్ల వచ్చే మసకను అందులో కలిపి, తీసేశాకే మిగిలిన వెడల్పును లెక్కలోకి తీసుకోవాలి. మసక వల్ల వచ్చే వెడల్పు కేంద్రం దగ్గరే గుమిగూడుతుంది. ఇక్కడ అది వెయ్యి పార్సెక్‌లకు (ఒక పార్సెక్ సుమారు 3.26 కాంతి సంవత్సరాలు) పైగా పరుచుకుని ఉంది. మచ్చ సంగతికొస్తే, ఖండాల మీద పరుచుకున్న టెలిస్కోపులను కలిపిన రేడియో జాలంతో చూసినప్పుడు దాని ప్రకాశ ఉష్ణోగ్రత (అంత ప్రకాశం వేడి వల్లే వస్తే ఉండాల్సిన ఉష్ణోగ్రత) లక్ష కెల్విన్‌లను బాగా దాటితే, అది నక్షత్రాల పుట్టుక వల్ల వచ్చింది కాదని చెప్పొచ్చు.

అంబర్‌పేట అవధాని:
పుణె దగ్గరున్న మన జీఎమ్‌ఆర్‌టీ రేడియో టెలిస్కోపుతో ఐసీ 5063 చూడొచ్చా?

నల్లకుంట నిహారిక:
కుదరదండీ. దాని క్రాంతి (ఖగోళ మధ్యరేఖ నుంచి కోణ దూరం) దక్షిణానికి 57 డిగ్రీలు. హైదరాబాద్‌లోనే అది సుమారు 15 డిగ్రీల ఎత్తు దాటదు. పుణె దగ్గర ఇంకా కిందికి పోతుంది, ఆ కంచాలు అంత వంగవు. ఎన్‌జీసీ 1068 ఖగోళ మధ్యరేఖ దగ్గరే ఉంది, బాగా దొరుకుతుంది. 1.4 గిగాహెర్ట్జ్‌లో 2 ఆర్క్ సెకన్ల (ఒక ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) పదును వస్తుంది. అంటే ఆ దూరంలో సుమారు 140 పార్సెక్‌లు, జెట్టు ఆకారం విడివిడిగా తెలుస్తుంది.

తార్నాక తారకం:
అయితే శనివారంలోపు ఎన్‌జీసీ 1068 మీద ఇంకొకటి పెడతాను. అవధాని గారు లఘువులు లెక్కపెట్టి ఉంచుకోవచ్చు.