ఇంగ్లీషు జంట పదాలు: అర్థమైతే చాలా, తేడా పాటించాలా?

కొత్త కలం:
మొన్న ఆఫీసు మెయిల్‌లో అఫెక్ట్ అని రాయాల్సిన చోట ఎఫెక్ట్ అని రాశాను. మా మేనేజరు అందరికీ కనపడేలా దిద్దారు. చాలా బాధేసింది. నేను చెప్పింది అందరికీ అర్థమైంది, పనీ ఆగలేదు. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్ళే 'తక్కువ' అనడానికి వాడే లెస్, ఫ్యూయర్ కలిపేస్తారు కదా, మనకెందుకు ఇంత టెన్షన్? అర్థమైతే చాలని నా అభిప్రాయం. మీరేమంటారు?

పాత టీచర్:
అందరి ముందు దిద్దడం నాకూ నచ్చలేదండీ. కానీ "అర్థమైతే చాలు" అన్నదాన్ని ఒప్పుకోను. మీరు చెప్పిన జంటనే తీసుకుందాం. 'అఫెక్ట్ ఎ చేంజ్' అంటే జరుగుతున్న మార్పు మీద ప్రభావం చూపడం. 'ఎఫెక్ట్ ఎ చేంజ్' అంటే ఆ మార్పును తీసుకురావడం. అఫెక్ట్ క్రియ, ఎఫెక్ట్ నామవాచకం అని బట్టీ పట్టినవాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు. ఒక్క అక్షరం తేడాతో, ఆ మార్పు తెచ్చింది ఎవరన్నదే మారిపోతుంది.

ప్రూఫ్‌రీడర్:
టీచర్ గారితో సగమే ఏకీభవిస్తాను. అన్ని జంటలనూ ఒకే గాటన కట్టకండి. లెక్కపెట్టగలిగిన వాటికి ఫ్యూయరే వాడాలన్న మాట 1770లో ఇంగ్లీషు వాడుక మీద రాబర్ట్ బేకర్ అనే ఆయన రాసినదాంట్లో కనిపిస్తుంది. అదీ తనకలా బాగుంటుందనిపిస్తోందని రాశాడంతే, తర్వాతివాళ్ళు దాన్ని శాసనం చేశారు. అంతకు దాదాపు 900 ఏళ్ళ ముందే, ఇంగ్లండు రాజు ఆల్ఫ్రెడ్ పేరు మీదున్న ఒక అనువాదంలో లెక్కపెట్టగలిగిన వాటికీ లెస్ వాడారు. కాబట్టి అది మర్యాదకు సంబంధించిన సంగతి. పరీక్షలోనో ఉద్యోగ దరఖాస్తులోనో పాటించండి, మాటల్లో ఎవరినీ తప్పు పట్టకండి.

లూజ్, లూస్ సంగతి వేరు. ఒక ఓ ఉంటే పోగొట్టుకోవడం, రెండు ఓలు ఉంటే వదులు. వదులైన చొక్కానీ మనం 'లూజు' అనే అంటాం, అందుకే రాతలో తడబడతాం. ఇక్కడ ఏ నిఘంటువూ మన పక్షాన నిలబడదు.

కొత్త కలం:
సరే, లూజ్ విషయం ఒప్పుకుంటాను. కానీ డిసింట్రెస్టెడ్, అన్‌ఇంట్రెస్టెడ్ సంగతేమిటి? 17వ శతాబ్దంలో వాటి అర్థాలు ఇప్పటికి తిరగబడి ఉండేవని చదివాను. అర్థాలే తారుమారయ్యే పదాలకు నియమం ఎక్కడిది?

పాత టీచర్:
అప్పుడేమన్నా ఇప్పుడు మన పాఠకుడు ఎలా చదువుతాడన్నదే లెక్క. తీర్పు చెప్పే మనిషి డిసింట్రెస్టెడ్‌గా ఉండాలి, అంటే తన లాభం చూసుకోకూడదు. అన్‌ఇంట్రెస్టెడ్‌గా ఉంటే మన వాదనే పట్టించుకోడు. అంత మంచి తేడాను పోగొట్టుకోవడం నాకిష్టం లేదు.

ఇంకో మాట. మనవాళ్ళను ఎక్కువ ఇబ్బందిపెట్టేవి ఈ పుస్తకాల జంటలు కావు. సిన్స్, ఫర్ చూడండి. "2020 నుంచి", "రెండేళ్ళ నుంచి", రెంటికీ మనకు 'నుంచి' సరిపోతుంది కాబట్టి రెండు చోట్లా సిన్స్ పెట్టేస్తాం. కానీ "రెండేళ్ళుగా" అనగలం, "2020గా" అనలేం. 'గా' అతికితే ఫర్, అతకకపోతే సిన్స్. నా పిల్లలకు ఇలాగే చెప్పేదాన్ని. అలాగే 'సోమవారంకల్లా ఇస్తాను' అంటే బై, 'సోమవారందాకా ఉంటాను' అంటే టిల్. వినపడితే హియర్, చెవిపెట్టి వింటే లిజన్. ఈ తేడాలన్నీ మన తెలుగులోనే ఉన్నాయి, తడిమి చూసుకోవాలి.

ప్రూఫ్‌రీడర్:
'గా' పరీక్ష బాగుందండీ, నాకిన్నాళ్ళూ తట్టలేదు. డిసింట్రెస్టెడ్ మీద మాత్రం మీతో మళ్ళీ వాదిస్తాను. చాలామంది పాఠకులు దాన్ని ఆసక్తి లేకపోవడంగానే చదువుతున్నారు. నేనైతే ఆ చోట ఇంపార్షియల్, అంటే నిష్పక్షపాతం, అని రాస్తాను, ఎవరికీ అనుమానం రాదు.

కొత్త కలం:
ఆ మెయిల్ మళ్ళీ తీసి చూశాను. రెండో పేరాలోనే 'సిన్స్ త్రీ మంత్స్' అని ఉంది. ఎఫెక్ట్‌ను దిద్దినవారు దాన్ని వదిలేశారు. మూడు నెలలుగా అనగలను కాబట్టి అక్కడ ఫర్ రావాలి, అంతేనా టీచర్ గారూ?

పాత టీచర్:
అంతేనండీ.