చనిపోయిందనుకుని ఉరి వేస్తే అది హత్యా, కాదా?

పెరంబూర్ లా స్టూడెంట్:
అందరికీ నమస్కారం. వచ్చే వారం మా కాలేజీలో మూట్ కోర్ట్ (విద్యార్థులు లాయర్లుగా వాదించే నమూనా విచారణ) ఉంది, నాకు ప్రాసిక్యూషన్ పక్షం ఇచ్చారు. 1919లో మన మద్రాస్ హైకోర్టు ఫుల్ బెంచ్ (ఎక్కువమంది జడ్జీలు కలిసి కూర్చునే పెద్ద ధర్మాసనం) తేల్చిన పళని గౌండన్ కేసు మీద వాదించాలి. జరిగింది ఇది. భర్త నాగటి కర్రుతో భార్య తల మీద కొట్టాడు. ఆమె స్పృహ తప్పి పడిపోయింది. చచ్చిపోయిందనుకుని, ఆత్మహత్యలా కనిపించాలని దూలానికి వేలాడదీశాడు. ప్రాణం పోయింది మాత్రం దెబ్బకు కాదు, ఉరికి. అది హత్యా కాదు, నేరపూరిత నరహత్యా కాదు అంది కోర్టు. ఉరి వేసేటప్పుడు అతని లెక్కలో ఉన్నది శవం, శవాన్ని చంపాలన్న ఉద్దేశం ఎవరికీ ఉండదు అన్నది కారణం. చదివినప్పటి నుంచి మనసొప్పడం లేదు. కొట్టిందీ అతనే, ఉరి వేసిందీ అతనే. మీరేమంటారు?

వడపళని వాణి:
తమ్ముడూ, మనసొప్పకపోవడం న్యాయమే. చచ్చిపోయిందని అతనికి ఎవరు చెప్పారు? ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడా? నాడి పట్టుకున్నాడా? పక్కింటివాళ్లను పిలిచాడా? మన ఇళ్లలో మంచాన పడ్డ పెద్దవాళ్లు పోయినా నలుగురూ వచ్చి చూసి, డాక్టర్ చెబితే గానీ పాడె మాట ఎత్తరు. ఇతను కొట్టిన చేత్తోనే తాడు వెతుక్కున్నాడు. అలాంటివాడి ‘అనుకున్నాను’కి కోర్టు అంత విలువ ఎందుకివ్వాలి? రేపు ప్రతివాడూ అదే మాట అంటాడు.

ప్యారిస్ ప్లీడర్:
వాణి గారూ, నేను క్రిమినల్ సైడ్ ప్రాక్టీస్ చేస్తాను. ‘అనుకున్నాను’ అన్నంత మాత్రాన ఏ జడ్జీ నమ్మడు. మనసులోకి ఎవరూ తొంగి చూడలేరు కాబట్టి కోర్టు బయట కనిపించేవాటిని పట్టుకుంటుంది. ఆయుధం ఏది, దెబ్బ ఎక్కడ తగిలింది, ఎంత బలంగా, ఎన్నిసార్లు, ముందూ వెనకా ఏమన్నాడు. 1958లో విర్సా సింగ్ కేసులో ఉన్నది ఒకే ఒక్క బల్లెం పోటు, కడుపులో. చంపే ఉద్దేశం లేదన్నది డిఫెన్స్. ఆ గాయాన్ని కావాలనే చేశాడా అన్నదే మేం చూస్తాం, అలాంటి గాయం మామూలుగా ప్రాణం తీసేదే అయితే హత్యే, అంతటి గాయమని తనకు తెలియదన్నా లాభం లేదు అంది సుప్రీంకోర్టు. చట్టం మెతకగా ఉందనడం సరికాదు.

పళని గౌండన్ కేసులో అసలు పీటముడి మొదటి దెబ్బ దగ్గరుంది. ఆ దెబ్బతో చంపాలనుకున్నాడని గానీ, చావొచ్చని తెలిసే కొట్టాడని గానీ తేలలేదు. అంటే కొట్టినప్పుడు చంపే ఉద్దేశం రుజువు కాలేదు, చంపిన పని చేసినప్పుడు ఎదురుగా బతికున్న మనిషి ఉందన్న ఎరుక లేదు. ఉద్దేశం, పని రెండూ ఒకే చోట కలవలేదు. ఇదే కోర్టు 1943లో తవమణి కేసులో ఇంకో తీర్పు ఇచ్చింది. అక్కడ నగల కోసం ఒకామెను చంపాలనే కొట్టారు, పోయిందనుకుని బావిలో పడేశారు. మొదట్లోనే చంపే ఉద్దేశం ఉంది, బావిలో వేయడం ఆ పనిలో భాగమే, కాబట్టి హత్య అన్నారు. 1954లో ప్రివీ కౌన్సిల్ (బ్రిటిష్ వలసలకు లండన్‌లో ఉన్న చివరి అప్పీలు కోర్టు) కూడా అంతే చెప్పింది. బసూటోలాండ్‌లో (ఇప్పటి ఆఫ్రికా దేశం లెసోతో) ఒకతన్ని ముందే ప్లాన్ వేసుకుని కొట్టి, చచ్చాడనుకుని కొండ మీది నుంచి దొర్లించారు. అతను నిజానికి చలికి చనిపోయాడు. హత్యే.

నా మట్టుకు 1919 తీర్పు సరైనదే. ఫలితం ఘోరంగా ఉందని ఉద్దేశాన్ని వెనక్కి వెళ్లి అతికించడం మొదలుపెడితే, ఉరిశిక్షకూ ఐదేళ్ల శిక్షకూ మధ్య గీత చెరిగిపోతుంది. ఆ గీత కోసమే నేను రోజూ నల్లకోటు వేసుకుని వెళ్తాను. ఇంకో మాట, అతన్ని వదిలేశారనుకోవద్దు. మొదట కొట్టినందుకూ, దొంగ సాక్ష్యం పుట్టించబోయినందుకూ శిక్షించవచ్చని ఆ బెంచే చెప్పింది.

అంబత్తూర్ అన్న:
ప్లీడర్ గారూ, ఒక సందేహం. పొరపాటు పడ్డానని చెప్పుకుని తప్పించుకోవాలంటే ఆ నమ్మకం సద్భావంతో ఉండాలి, తగిన జాగ్రత్త తీసుకోని పనిని సద్భావం అనకూడదని పాత ఐపీసీ (భారత శిక్షాస్మృతి) 52వ సెక్షన్‌లోనే ఉండేది కదా. వాణి అక్క అన్నట్టు ఇతను నాడి కూడా చూడలేదంటే?

ప్యారిస్ ప్లీడర్:
మంచి ప్రశ్న. ఆ మినహాయింపుల అవసరం నేరం రుజువయ్యాకే వస్తుంది. హత్యలో ఉద్దేశాన్నో, చావొచ్చన్న ఎరుకనో రుజువు చేయాల్సిన భారం ప్రాసిక్యూషన్‌ది. అదే తేలకపోతే నిందితుడు మినహాయింపు దాకా రావాల్సిన పనే లేదు.

వడపళని వాణి:
సరే, హత్య కాదు. నిర్లక్ష్యం వల్ల చావు అన్నా అనొచ్చుగా? ఊపిరి ఉందో లేదో చూడకుండా మెడకు తాడు బిగించడం కన్నా నిర్లక్ష్యం ఇంకేముంటుంది? పాత చట్టంలో 304ఏ సెక్షన్ అందుకే కదా ఉండేది?

ప్యారిస్ ప్లీడర్:
ఆ వాదనలో బలం ఉంది, నాకూ నచ్చుతుంది. కానీ శిక్షలు పక్కపక్కన పెట్టి చూడండి. పాత చట్టంలో 304ఏ కింద ఎక్కువలో ఎక్కువ రెండేళ్లు. ప్రమాదకరమైన ఆయుధంతో తీవ్రంగా గాయపరిచినందుకు 326 కింద యావజ్జీవం దాకా వేయొచ్చు. ప్రాసిక్యూటర్ ఏది పట్టుకుంటాడు? ఐపీసీ స్థానంలో వచ్చిన ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో నిర్లక్ష్యపు చావుకు 106 కింద ఐదేళ్ల దాకా ఉంది, అయినా తేడా పెద్దదే.

తమ్ముడూ, నువ్వు అతని నమ్మకంతో తలపడకు. అక్కడ ఫుల్ బెంచ్ గోడ ఉంది. దెబ్బ మీద నిలబడు. నాగటి కర్రు ఇనుము, తగిలింది తలకు. పోస్టుమార్టంలో తల గాయం గురించి మీ మూట్ పేపర్ ఏం చెబుతోందో అక్షరం అక్షరం చదువు. మెడ మీద తాడు గుర్తులు ఎలా ఉన్నాయన్నది ఎవరైనా చదువుతారు, తల గాయం దగ్గర ఆగేవాళ్లు తక్కువ. అది మామూలుగా ప్రాణం తీసేంతటిదని ఒక్క లైన్ దొరికినా, హత్యకు సరిపోయే ఉద్దేశం మొదటి దెబ్బలోనే ఉందని విర్సా సింగ్‌ను ఆధారం చేసుకుని వాదించొచ్చు. ఆపైన తవమణి నీ వైపుకి వస్తుంది.

పెరంబూర్ లా స్టూడెంట్:
థాంక్స్ సార్. పేపర్‌లో ‘తలకు ఎడమవైపు గాయం’ అని మాత్రమే ఉంది, లోతు రాయలేదు. ఇవాళ రాత్రి మళ్లీ కూర్చుంటాను.

వడపళని వాణి:
మూట్ వరకు అలాగే వాదించు తమ్ముడూ. నేను మాత్రం నా మాట మీదే ఉన్నాను. ఆమె బతికే ఉంది, తాడు బిగిసేటప్పుడు ఊపిరి తీస్తూనే ఉంది. కొట్టి పడేసినవాడికి, ఆమె బతికుందో లేదో చూడాల్సిన బాధ్యత చట్టం కచ్చితంగా పెట్టాలి. చూడకుండా నేరాన్ని దాచబోయి ప్రాణం తీస్తే దానికంటూ ఒక సెక్షన్ ఉండాలి, శిక్ష రెండేళ్లో ఐదేళ్లో కాకుండా నరహత్యకు దగ్గరగా ఉండాలి. 2023లో కొత్త చట్టం రాసినప్పుడు నరహత్య, హత్య అంటే ఏమిటో చెప్పే ఐపీసీ 299, 300 సెక్షన్లను దాదాపు ఉన్నవున్నట్టు 100, 101 అని దించారు. ఈ ఖాళీ అలాగే వదిలేశారు.