పాత బండి మలుపుల్లో సెంటర్ స్టాండ్ గీసుకుంటోంది: ముందు ఫోర్కు బాగుచెయ్యాలా, వెనక ఎత్తు పెంచాలా?

వంపుదారి:
1970ల చివర్లో వచ్చిన నాలుగు సిలిండర్ల బండి. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు 35 మి.మీ. ట్యూబులది, వెనక రెండు షాకులు. ఫోర్కు స్ప్రింగులు బండితో పాటు వచ్చినవే, ఎవరూ మార్చలేదు. బ్రేకు పట్టగానే ముందు భాగం కుంగిపోతుంది. ఎడమ మలుపు తిరిగితే సెంటర్ స్టాండ్ రోడ్డుకి గీసుకుంటుంది. ఫోర్కులో ఇంకా చిక్కటి 15 నంబరు ఆయిలు పొయ్యమని కొందరు, వెనక 20 మి.మీ. పొడుగు షాకులు వెయ్యమని కొందరు. ఏది ముందు చెయ్యాలి?

స్పానర్17:
రెండూ వద్దు. ముందు స్ప్రింగులు చూడండి. ఫోర్కు ట్యూబుకి సన్నటి ప్లాస్టిక్ టై కట్టి, మామూలుగా వేసుకునే బట్టలతో బండెక్కి కూర్చోండి. మెల్లగా దిగి, ముందు చక్రం గాల్లోకి లేపి, టై ఎంత జరిగిందో కొలిచి చెప్పండి. ఫోర్కు కదలగల మొత్తం దూరంలో, అంటే దాని ప్రయాణంలో, మూడో వంతు దాటిందంటే స్ప్రింగు చచ్చిపోయినట్టే, లేదా మీ బరువుకి చాలనట్టే. స్ప్రింగు పైన స్పేసర్ (గొట్టం ముక్క) పెట్టి బిగిస్తే బండి ఎత్తుగా నిలబడుతుంది గానీ స్ప్రింగు గట్టిదనం మారదు.

గ్రీజుచేతులు:
గీసుకునేది సెంటర్ స్టాండ్, ఫోర్కు కాదు. అది వెనక చక్రం వైపు ఉంటుంది. వెనక ఎత్తితే అదీ లేస్తుంది. ఇక ఫోర్కులో 15 పోస్తే ముందు కుంగడం తగ్గుతుంది. నా బండికి ఎన్నో ఏళ్లుగా అదే పోస్తున్నాను, ఏ తేడా రాలేదు.

డబుల్‌స్టాండ్:
స్టాండ్ విప్పేసి షెడ్డులో పెట్టండి. అయిపోయింది.

స్పానర్17:
గ్రీజుచేతులు గారూ, ఆ కాలం ఫోర్కులో ఆయిలు నడిచేది కొలత మారని రంధ్రాల గుండా. ఫోర్కు మెల్లగా కుంగేటప్పుడు ఆ రంధ్రాలు పెద్ద అడ్డే కాదు. గుంతలో పడి ఒక్కసారిగా కదిలితే మాత్రం వేగం రెండింతలైతే అడ్డు దాదాపు నాలుగింతలవుతుంది. చిక్కటి ఆయిలు పోస్తే బ్రేకు పట్టినప్పుడు కుంగడం కాస్త ఆలస్యమవుతుందంతే, ఆగదు. బరువు మోసేది స్ప్రింగు. కానీ అదే ఆయిలుతో వంపులో చిన్న గతుకు తగిలితే ఫోర్కు బిగుసుకుపోయి టైరు నేల మీంచి ఎగురుతుంది. పైగా ఆ "15" అన్ని కంపెనీల్లో ఒకటి కాదు. డబ్బా మీద 40 డిగ్రీల దగ్గర చిక్కదనం ఎన్ని సెంటీస్టోక్స్ అని రాసి ఉంటే అది చూడాలి.

గ్రీజుచేతులు:
సెంటీస్టోక్సు చదివి బండి నడపను. 15 పోశాను, బాగుంది. మీరు ఇప్పుడు ఫోర్కులో ఆయిలు దారిని అదుపు చేసే ఎమ్యులేటర్ వాల్వులు పెట్టించమంటారు, అంతేగా? నాకా ముచ్చట తీరింది. ఒక వర్క్‌షాపులో డబ్బు తీసుకుని పెట్టారు. ముందు చక్రం కొయ్యలా తయారైంది, ప్రతి గతుకూ మణికట్టుకి కొట్టేది. అడిగితే "స్పోర్ట్స్ సెట్టింగ్ అంతే" అన్నారు. చివరికి నేనే విప్పి బయట పడేశాను.

స్పానర్17:
విప్పినప్పుడు కింది డ్యాంపర్ రాడ్డుకి, అదే ఆయిలు రంధ్రాలుండే గొట్టానికి, కొత్తగా రంధ్రాలు వేసి ఉన్నాయా? ఉన్నవాటిని పెద్దవి చెయ్యకుండా పైన వాల్వు కూర్చోబెడితే, ఆయిలు ముందు ఆ పాత రంధ్రాల దగ్గరే ఇరుక్కుంటుంది. వాల్వుకి పనే ఉండదు.

గ్రీజుచేతులు:
రంధ్రాలు లేవు. అయినా నేను చెప్పేది 15 గురించి.

మూడోగేరు:
వంపులో బండి బరువెక్కుతుందన్న సంగతి ఎవరూ అనడం లేదు. 30 డిగ్రీలు వంచితే స్ప్రింగుల మీద బరువు 1.15 రెట్లు, 45 అయితే 1.41 రెట్లు. నిలబెట్టి కొలిచిన ఎత్తు మలుపులో ఉండదు. నీరసించిన స్ప్రింగు తినేసేది మీ స్టాండ్ కిందున్న ఖాళీనే.

వంపుదారి:
కొలిచాను. ప్రయాణం 150 మి.మీ., నేను కూర్చుంటే 60 కుంగింది.

స్పానర్17:
35, 40 దగ్గర ఉండాల్సింది. అంటే ముందు భాగం 20, 25 మి.మీ. కిందుంది. స్టాండ్ రెండు చక్రాల మధ్య కాబట్టి దాని దగ్గర 10, 12 తగ్గినట్టు. ఇలా కుంగిన బండికి వెనక ఇంకో 20 ఎత్తారనుకోండి, చక్రాల మధ్య దూరం 1450 మి.మీ. వేసుకుంటే హ్యాండిల్ కోణం 1.8 డిగ్రీల దాకా నిటారవుతుంది, హ్యాండిల్‌ని తిన్నగా ఉంచే ట్రయల్ (హ్యాండిల్ ఇరుసు గీత నేలని తాకే చోటుకీ టైరు ఆనే చోటుకీ మధ్య దూరం) తగ్గుతుంది. కోన్‌సెట్‌లోనో (హ్యాండిల్ తిరిగే బేరింగులు), వెనక చక్రాన్ని మోసే స్వింగ్ ఆర్మ్ బుష్‌లోనో లూజు ఉంటే వేగంలో హ్యాండిల్ ఊగడం మొదలవుతుంది. గ్రీజుచేతులు గారు చెప్పినట్టు చేస్తే ఈయన కిందపడతాడు.

గ్రీజుచేతులు:
మాట జాగ్రత్త. నేను పడెయ్యమనలేదు. పడేట్టు చేసేది మీరే. మీరు ఒక్కొక్కటీ బాగుచేస్తూ పోతే ఈ అబ్బాయి ఇంకా వంచుతాడు. ఆ ఫ్రేము, ఆ సన్నటి టైర్లు తయారైంది అంత వంపుకి కాదు. స్టాండ్ గీసుకోవడమంటే బండి "ఇక చాలు" అని చెప్పడం. నా స్నేహితుడు స్టాండ్ పీకేసి, సైలెన్సర్ పైకెత్తించాడు. ఆ తర్వాత నేలని తాకింది ఏదీ లేదు, టైరే జారింది. చెయ్యి ఇప్పటికీ పూర్తిగా లేవదు. మీకు ఆయిలు గొడవ, నాకు ఇది.

స్పానర్17:
ఇది మొదటే చెప్పి ఉంటే ఇంతసేపు ఆయిలు గురించి కొట్టుకునేవాళ్లం కాదు. నేను ఎక్కువ వంచమనడం లేదు. ఇప్పుడు వంచుతున్నంతలోనే ఏదీ తగలకూడదంటున్నాను. మొదట తగలాల్సింది ఫుట్‌రెస్ట్, తగిలితే అది మడుచుకుంటుంది, మీరు కోరే హెచ్చరిక అదే. స్టాండ్ మడుచుకోదు. బరువు దాని మీద పడితే వెనక చక్రాన్ని నేల మీంచి లేపేస్తుంది. దాన్ని హెచ్చరిక అంటే నేను ఒప్పుకోను.

గ్రీజుచేతులు:
మీరు నడిపితే అలాగే ఆగుతారేమో. కుర్రాళ్లు ఆగరు. ఖాళీ ఎంతుంటే అంతా వాడేస్తారు.

మూడోగేరు:
ఆగడం ఆగకపోవడం మనిషి చేతిలో. అందుకని బండి కుంగిపోయే ఉండాలా?

నట్టుబోల్టు:
వంపుదారీ, స్టాండ్‌ని పైకి లాగి పట్టే స్ప్రింగు గట్టిగా ఉందా?

వంపుదారి:
ఇప్పుడే వంగి చూశాను. స్ప్రింగు సాగిపోయింది. స్టాండ్ వేలెడంత కిందికి వేలాడుతోంది.

నట్టుబోల్టు:
ఆ స్ప్రింగు మార్చండి. స్టాండ్ పిన్ను లూజు కూడా చూడండి.

గ్రీజుచేతులు:
స్టాండ్ స్ప్రింగు మార్చు తమ్ముడూ, దానికి నేనూ ఒప్పుకుంటాను. ఫోర్కు స్ప్రింగులు కూడా మార్చుకో. వెనక షాకుల జోలికి మాత్రం ఇప్పుడే పోకు. కోన్‌సెట్ లూజు చూడకుండా అసలే పోకు.

వంపుదారి:
స్టాండ్ స్ప్రింగు, పిన్ను, ఆ తర్వాత నా బరువుకి తగ్గ ఫోర్కు స్ప్రింగులు. ఆయిలు 10 పోస్తాను. మట్టం ఎలా కొలవాలి?

స్పానర్17:
స్ప్రింగు బయట పెట్టి, ఫోర్కు పూర్తిగా కిందికి నొక్కి, ట్యూబు అంచు నుంచి ఆయిలు దాకా కొలవండి. రెండు వైపులా ఒకటే ఉండాలి. ఆయిలు పైకి పోసేకొద్దీ మీదుండే గాలి తగ్గి, ప్రయాణం చివర్లో ఫోర్కు గట్టిపడుతుంది. అందుకని మాన్యువల్లో ఉన్న మట్టంతోనే మొదలుపెట్టండి.

గ్రీజుచేతులు:
10 పోసి, బ్రేకు వదిలినప్పుడు ముందు ఎగిసి ఊగితే 15 పొయ్యి. వాల్వులు పెట్టినా తిరిగి లేచేటప్పుడు పట్టి ఉంచేది ఆయిలే.

స్పానర్17:
లేచేటప్పుడు ఆయిలే, అది నిజం. అయినా ఒకేసారి 15కి వెళ్లొద్దు, సగం సగం కలిపి చూడండి.