గడువు దాటిన ఇంటికి ఫైనల్ బిల్లులో కోత పెట్టొచ్చా?

కొంపల్లి_ప్లాటు: జి ప్లస్ టూ ఇల్లు, మెటీరియల్‌తో కలిపి 62 లక్షలు, గడువు 10 నెలలు. 18 వారాలు లేటయింది. వారానికి అర శాతం, మొత్తం 10 శాతం మించకుండా కోత అని అగ్రిమెంటులో ఉంది. ‘సమయమే ఈ ఒప్పందానికి ప్రాణం’ అని కూడా ఉంది. లెక్కేస్తే 5,58,000. కాంట్రాక్టరు ఫైనల్ బిల్లులోంచి పట్టుకోవచ్చా? ప్రస్తుతం అద్దె నెలకు 28,000 కడుతున్నాం.

వకీల్_పక్క_సీటు: భేషుగ్గా పట్టుకోండి. కళ్లు మూసుకుని సంతకం పెట్టలేదుగా.

సెంట్రింగ్_సాయిలు: గదెట్లన్నా? తవ్వితే షీట్ రాక్, అంటే రాతి పొర, తగిలితే? మూడు స్లాబులాయె. స్లాబ్ స్పాన్ (ఆధారాల నడుమ దూరం) నాలుగున్నర మీటర్లు దాటితే సపోర్టులు 14 రోజులు ఉంచాలె, ఆరు మీటర్లు దాటిన బీముకు 21. తొందరపడి ఇప్పితే రేపు స్లాబ్ కుంగితే ఎవలు జిమ్మేదారి?

వకీల్_పక్క_సీటు: సపోర్టుల రోజులు రేటు మాట్లాడుకున్న నాడే తెలుసు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలనీ తెలుసు. అవన్నీ ఆ పది నెలల్లోనే ఉండాలి. రాక్ తగిలితే అదనపు రోజులు అడుగుతూ లెటర్ ఇవ్వాలి. ఇచ్చాడా?

అమీర్‌పేట_బాబాయి: రెరాలో, అదే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థలో, కేసు వేస్తే పోలా.

లెవెల్_పైపు: సొంత ప్లాటులో కట్టించుకునే ఇంటికి రెరా రాదు బాబాయ్, అది ప్రమోటర్ అమ్మే ప్రాజెక్టులకు.
ఇక అసలు సంగతి. ప్రాణం అని, అంటే గడువు దాటితే ఒప్పందమే రద్దు చేసుకోవచ్చని, రాసినంతలో అయిపోదు. గడువు పొడిగింపు, లేటుకు కోత రెండూ అదే ఒప్పందంలో ఉంటే, మామూలుగా గడువు ప్రాణం కాదనే లెక్కని 1979లో హింద్ కన్‌స్ట్రక్షన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రాణమేనని పట్టుబడితే కాంట్రాక్టు చట్టం 55వ సెక్షన్ మీ కాళ్లకే చుట్టుకుంటుంది: గడువు దాటాక పని ఒప్పుకున్నప్పుడే పరిహారం అడుగుతానని నోటీసు ఇచ్చి ఉండాలి. అదే చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఒప్పందంలో రాసుకున్న అంకె పైహద్దు మాత్రమే. 2015లో సుప్రీంకోర్టు ఇచ్చిన కైలాష్ నాథ్ తీర్పు ప్రకారం, నష్టాన్ని లెక్క తేల్చగలిగితే తేల్చాల్సిందే. 18 వారాల అద్దె సుమారు లక్షా పదహారు వేలు. మిగతా దాదాపు నాలుగున్నర లక్షలు ఏ ఖాతాలో?

వకీల్_పక్క_సీటు: 2003 సా పైప్స్ సుప్రీంకోర్టు తీర్పు చదవండి. ముందే నిజాయితీగా వేసుకున్న అంచనాకు రుజువు అక్కర్లేదు.

లెవెల్_పైపు: అది నష్టం లెక్కకు అందని చోట. చేతిలో అద్దె రసీదులు పెట్టుకుని ఆ మాటంటే ఎట్లా?

సెంట్రింగ్_సాయిలు: బాత్రూం టైల్స్ రెండుసార్లు మార్చిండ్రట గదా. వాట్సాప్‌ల పంపిన్రు.

వకీల్_పక్క_సీటు: అగ్రిమెంటులో ‘రాతపూర్వకంగా’ అనుంటే వాట్సాప్ ఏంటి?

లెవెల్_పైపు: అదీ రాతే. భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ సర్టిఫికెట్ జతచేస్తే కోర్టులో చూపించొచ్చు. కానీ టైల్స్ రాని రోజుల్లో టెర్రస్ వాటర్‌ప్రూఫింగ్, కాంపౌండ్ గోడ కూడా కదల్లేదంటే ఆ లేటు కాంట్రాక్టరుదే.

వకీల్_పక్క_సీటు: వాట్సాప్ లెటర్ కాదు. అంతే.

సెంట్రింగ్_సాయిలు: నీకు వాట్సాప్ తప్ప ఇంకేం కనవడ్తలేదా? రెండో స్లాబ్ బిల్లు ఎన్నడిచ్చిండ్రో గాయన్నే అడుగు!

కొంపల్లి_ప్లాటు: బ్యాంకు లోన్ విడతలో లేటయింది. ఆరు వారాలు.

లెవెల్_పైపు: ఈ ముక్క మొదటి పోస్టులో ఉండాల్సింది. స్టీల్ కొనలేక స్లాబ్ ఆగితే ఆ ఆరు వారాలూ మీ ఖాతాలోకే, కాంట్రాక్టు చట్టం 54వ సెక్షన్ అదే చెప్తుంది. ఇటుక కట్టుబడి నడుస్తూనే ఉంటే కొంతే.

వకీల్_పక్క_సీటు: పొడిగింపు అడక్కుండా గడువు ఎలా పెరుగుతుంది? క్లాజు ఉన్నదే అందుకు.

సెంట్రింగ్_సాయిలు: పైసలు ఆగినయని ఓనర్‌కు లెటర్ రాస్తే, ఆ గల్లీల ఇంకో పని దొరుకుతదా? లెటర్ రాయనోడి టైమ్ టైమ్ కాదంటవు. గదే నాకు నచ్చుతలేదు.

వకీల్_పక్క_సీటు: రాయకపోతే ఎవరి మాట నమ్మాలి మరి?

సెంట్రింగ్_సాయిలు: బ్యాంకు స్టేట్‌మెంట్ అబద్ధం చెప్తదా?

కొంపల్లి_ప్లాటు: ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి తీర్పు) క్లాజు ఉంది. వెళ్లమంటారా?

లెవెల్_పైపు: ఆరు వారాలు తీసేస్తే అద్దె నష్టం దాదాపు 78,000. ఆర్బిట్రేషన్ చట్టం నాలుగో షెడ్యూలు నమూనా ప్రకారం ఐదు లక్షల లోపు వివాదానికి ఫీజే 45,000, ఆర్బిట్రేటర్ ఒక్కరే అయితే దాని మీద మరో పాతిక శాతం.